కాలవ దాకా సాగిన చీర

కోతకి తీసుకెళ్లే ట్రాలీ ఆటో ఆరున్నరకల్లా సందు మొదట్లో హారన్ కొట్టేది. ఆలోగా వెంకటరావమ్మ అన్నం వండి, క్యారేజీ సర్ది, మనవరాలికి తినిపించి, దాని నడుముకి చీర కట్టి, రెండో కొసని మంచం కోడుకి ముడేసేది. అప్పుడు మిరపకోతకి వెళ్లేది.

ఊళ్లో ఎవరూ తప్పు పట్టలేదు. అఖిలకి అయిదో ఏడు. మాట రాలేదు. పిలిస్తే పలకదు. వదిలితే ఎటు పోతుందో తెలియదు. మూడేళ్లప్పుడు అలాగే నడుచుకుంటూ వెళ్లి కాలవలోకి దిగిపోయింది. వెనకే తల్లి మాధురి దూకింది. పిల్ల ఒడ్డున పెరిగిన తూటికాడల్లో చిక్కుకుని బతికింది. మాధురిని మర్నాడు లాకుల దగ్గర తీశారు. తండ్రి చీమకుర్తి క్వారీ పనికి వెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు.

పిల్లని కట్టేది మాధురి చీరతోనే. ఆకుపచ్చ వాయిలు, పసుపు పూలు. కూతురి వస్తువుల్లో వెంకటరావమ్మకి మిగిలింది అదొక్కటే.

చీర సాగడం కిందటేడు కోతల్లో మొదలైంది. ఒకరోజు అఖిల గుమ్మం దాటింది, సందు దాటింది, రేషన్ షాపు దాటింది. చీర చిరగలేదు, ముడి జారలేదు. పిల్ల ఎంత నడిస్తే అంత సాగింది. అఖిల వెళ్లి అంగన్‌వాడీ గుమ్మంలో కూర్చుంది. సాయంత్రం కోత నుంచి వచ్చిన వెంకటరావమ్మ మంచం కోడు దగ్గర మొదలుపెట్టి, చీర వెంబడే నడిచి మనవరాలిని చేరుకుంది.

"రోజూ రానివ్వండి పెద్దమ్మా," అంది శాంతి టీచర్.

"ఇదేం నేర్చుకుంటుంది టీచరమ్మా?"

"ముందు రానివ్వండి. అది మనకే చెప్తుంది."

ఆ రోజు నుంచి చీర ఊరి మధ్యగా ఉండేది. ట్రాక్టర్ల వాళ్లు కర్రతో పైకెత్తి కిందనుంచి పోయేవాళ్లు. రేషన్ షాపు పక్కింటావిడ దానిమీద జాకెట్లు ఆరేసుకునేది. సాయంత్రం వెంకటరావమ్మ దాన్ని చుట్టుకుంటూ ఇంటికొచ్చేది.

పిల్ల గుమ్మం దాటి లోపలికి రాకపోతే, శాంతి చాపనే గుమ్మం దాకా జరిపించింది. పాట గట్టిగా పాడితే చెవులు మూసుకుంటుందని, మిగతా పిల్లలు పాటని చేతులతో పాడటం నేర్చుకున్నారు. శాంతి అట్టముక్కల మీద నీళ్ల గ్లాసు, గుడ్డు, చెప్పులు గీసి అఖిల చేతికందేలా పెట్టింది. నాలుగు నెలలకి అఖిల గ్లాసు బొమ్మ తెచ్చి ఆయా మస్తాన్‌బీ ఒళ్లో పెట్టింది. మస్తాన్‌బీ నీళ్లివ్వడం మరిచిపోయి ఏడుస్తూ కూర్చుంటే, ఆ అట్టముక్కే తీసి మళ్లీ పెట్టింది.

అందరికీ ఇది నచ్చలేదు. "రంగు పోయిన తాలుకాయల్ని ఎవరన్నా మంచికాయల రాశిలో కలుపుతారా టీచర్‌గారూ?" అని ఇంకో పిల్లాడి తల్లి శివపార్వతి తగువుకొచ్చింది. "మావాడు ఇంట్లో మాటలు మానేసి చేతులూపుతున్నాడు."

"మరి నీ మొగుణ్ణి ఏ రాశిలో పోశావే తల్లీ?" అంది మస్తాన్‌బీ.

శివపార్వతికి నవ్వాగలేదు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

చీర ఊరికే సాగదుగా. మొదట పూలు ఒకదానికొకటి దూరం జరిగాయి, తరవాత కనిపించడం మానేశాయి. ఆకుపచ్చ వెలిసింది. ఈ ఏడు కోతలకి అది దారమైపోయింది. చుడితే గుప్పిట్లో పట్టేది. తలుపేసి పోతే సాగదని వెంకటరావమ్మకి తెలుసు. రెండు రోజులు వేసి చూసింది కూడా. రెండో సాయంత్రం తలుపు తీసేసరికి, అఖిల గడప దగ్గర గ్లాసు బొమ్మ పట్టుకుని నిద్రపోయి ఉంది. పక్కన బిందె నిండా నీళ్లున్నాయి. మూడో రోజు వెంకటరావమ్మ తలుపు వెయ్యలేదు.

మార్చిలో, ఒంటిపూట బడులు పెట్టకముందే, జూన్‌లో ఒకటో తరగతికి వెళ్లే పిల్లల్ని బడి చూపించడానికి తీసుకెళ్లాలి. బడి కాలవ అవతల. అఖిల ఒక్క పూట వచ్చి కూర్చుంటే చేర్చుకుంటానని, లేకపోతే ఇంటి దగ్గరే చదువని రాసేస్తానని హెడ్మాస్టరు చెప్పాడు. అలా రాయించుకున్న పిల్లలు ఇంట్లోనే పెరిగి పెద్దవాళ్లవుతారని శాంతికి తెలుసు.

"దాన్ని కాలవ దాటించొద్దమ్మా," అంది వెంకటరావమ్మ.

"చెయ్యి పట్టుకునే ఉంటాను పెద్దమ్మా. వదలను."

బడికి తీసుకెళ్లే పొద్దున కూడా వెంకటరావమ్మ ముడేసి, తలుపు తీసే ఉంచి కోతకి వెళ్లిపోయింది.

పదింటికి మస్తాన్‌బీ ఆటోలో చేనుగట్టుకొచ్చింది. "రా అక్కా. వంతెన దగ్గర ఆగిపోయింది."

"ఎవరు, పిల్లా?"

"చీర."

వంతెన మొదట్లో పిల్లలు రోడ్డు పక్కన వరసగా కూర్చుని ఉన్నారు. దారం తీగలా బిగిసి ఉంది. అఖిల ముందుకి వంగి అడుగు వెయ్యబోతుంటే అది వెనక్కి పట్టి ఆపుతోంది. శాంతి ఒక చేత్తో పిల్లని పట్టుకుంది. రెండో చేతిలో వంగిపోయిన కత్తెర ఉంది.

"తెగట్లేదు పెద్దమ్మా. ముడీ రావట్లేదు."

వెంకటరావమ్మ దారాన్ని వేళ్ల మధ్య పట్టుకుంది.

"మాధురీ, నేనే. ఆ రోజు ఇక్కడ ఎవరూ లేరు. ఇప్పుడు టీచరుంది, చెయ్యి పట్టుకుంది. చూడు. వదలవే."

దారం వదల్లేదు.

"మొండిముండా, నాకు మాత్రం వదలాలనుందా? నీదంటూ నాకు ఇదొక్కటేగా మిగిలింది." ఆమె గొంతు తగ్గించింది. "నేనెన్నాళ్లుంటానే? నేను పోయాక దీన్ని కోడుకి కట్టేదెవరు, విప్పి అన్నం పెట్టేదెవరు? నాలుగు మొహాలు దీనికి అలవాటు కావద్దా? నాలుగు మొహాలకి ఇది అలవాటు కావద్దా?"

కాసేపటికి దారం మెత్తబడింది. పిల్ల నడుము దగ్గర పొద్దున తన చేత్తో తనే వేసిన ముడి దానంతటదే విడిపోయింది.

అఖిల నడుము తడుముకుంది. తరవాత వంతెన ఎక్కింది. నడిమధ్యలో ఆగి నీళ్లవంక చూసింది. శాంతి లాగలేదు, పిలవలేదు. అది నిలబడినంతసేపూ తనూ నిలబడింది. మళ్లీ అఖిలే ముందు కదిలింది.

ఇంట్లో కోడు దగ్గర ముడి కూడా ఊడినట్టుంది, దారం మొత్తం వంతెన కమ్మీ మీదుగా జారి నీళ్లలో పడింది. వెంకటరావమ్మ పట్టుకోబోలేదు. లాకుల వైపు చూసింది కానీ, అంత సన్నని దారం నీళ్లమీద ఏం కనిపిస్తుంది.

"పద అక్కా, కోత మేస్త్రీ అరుస్తాడు," అంది మస్తాన్‌బీ.

"నువ్వెళ్లు. బడి వదిలేదాకా ఉంటా."

అవతలి గట్టున అఖిల బడి గేటు దగ్గరకి చేరింది. ఒక్కసారన్నా వెనక్కి తిరుగుతుందని వెంకటరావమ్మ చూసింది. తిరగలేదు. లోపలికి వెళ్లిపోయింది.

చేతులనిండా మిరప ఘాటు. కళ్లు తుడుచుకోవడానికి లేదు.