శ్రుతి దిద్దే పని

మా ఆయన సుదర్శన్ పాడుతున్నంతసేపు మా ఇంట్లో కుక్కర్ పెట్టకూడదు. ఫ్యాన్ తిప్పకూడదు, మిక్సీ వేయకూడదు, కుళాయి కింద బిందె పెట్టకూడదు. గద్వాలలో మా ముందుగది గోడలకు పాత పరుపులు కొట్టించి, బయట ‘డిజిటల్ రికార్డింగ్ థియేటర్’ అని బోర్డు పెట్టాడు. ఎన్ని పరుపులు కొట్టించినా విజిల్ మైకులోకి దూరుతుంది. అందుకని నానబెట్టిన బియ్యం నానుతూనే ఉంటాయి. మధ్యాహ్నం దాటాక గొంతు సవరించుకుంటూ బయటికొచ్చి, “ఏంది యమునా, బువ్వ ఇంక కాలేదా?” అంటాడు. కుక్కర్ వద్దన్నదీ తనే, అన్నం ఏదన్నదీ తనే. తెలిసి అడుగుతాడా, తెలియక అడుగుతాడా అని కొత్తలో ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఆలోచించను, రోత పుడుతుంది.

ఆయనకు మా వైపు గాయకుడని మంచి పేరే ఉంది. జములమ్మ జాతర సీడీలు, ఎలక్షన్ పాటలు, బతుకమ్మ పాటలు, ఏవైనా సుదర్శన్ గొంతులోనే రావాలంటారు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆయనకు శ్రుతి నిలవదు. పల్లవి బాగానే ఎత్తుకుంటాడు, చరణంలోకి వచ్చేసరికి మెల్లగా కిందికి జారిపోతాడు. పైకి పోవాల్సిన చోట గొంతు పలికేది పాట కాదు, తలుపు కిర్రుమన్నట్టుంటుంది. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు కంప్యూటర్ కోర్సు కూడా చేశాను కాబట్టి, పెళ్లయిన కొత్తలోనే నన్ను రికార్డింగ్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి ఇంటికొచ్చి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఆయన గొంతును అక్షరం అక్షరంగా కోస్తాను. “అమ్మా” అన్నదాంట్లో “అ”ను కాస్త పైకి లేపాలి, “మ్మా”ను పట్టి నిలబెట్టాలి, మధ్యలో బుసకొట్టే ఊపిరిని తీసేయాలి. ఒక్క పాటకు వారం పడుతుంది. పెళ్లాం అన్నాక మొగుడి పరువు కాపాడాలని మా అత్తమ్మ భాగ్యమ్మ చెబుతూనే ఉంటుంది. నేను స్వరం స్వరంగా కాపాడుతూనే ఉన్నాను.

సీడీ అట్ట మీద మాత్రం గానం సుదర్శన్, సంగీతం సుదర్శన్, రికార్డింగ్ కూడా సుదర్శనే. కోరస్ పాడటానికి ఇటిక్యాల నుంచి ఈరమ్మా, ఆమె వెంట నలుగురు ఆడవాళ్లూ ఆటోలో వస్తారు. వాళ్లకు డబ్బులుండవు. ఆడవాళ్లకు డబ్బులిస్తే బాగుండదంటూ బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టి పంపుతాడు. ఒకసారి వాళ్లకు బొట్టు పెడుతూ, మరి నాకేదీ జాకెట్ ముక్క అని నవ్వుతూనే అడిగాను.

“నువ్వేం చేసినవ్? అంత సాఫ్ట్‌వేరే చేస్తది. నువ్వు బటన్ ఒత్తుతవ్, గంతే గద” అన్నాడు.

ఈరమ్మ నా వైపు చూడలేక జాకెట్ ముక్కను మళ్లీ మళ్లీ మడిచింది. నా ముఖం మీద ఇంకా ఆ నవ్వే ఉంది, దాన్ని తీసేయడం కూడా చేతకాలేదు. ఛీ, ఎందుకడిగానా అనిపించింది.

అంతా చేస్తుందన్న ఆ సాఫ్ట్‌వేర్ సంగతి కూడా నన్నే అడగాలి. కొన్న ఏడాదికే కొత్త వర్షన్ వచ్చిందంటారు. శ్రుతి దిద్దే పనిముట్టు అందులో ఉండదు, విడిగా కొనాలి. విడిగా కొంటే, మీది పాత వర్షన్, దీనికి పనిచేయదు, అప్‌గ్రేడ్ చేసుకోండి అంటారు. అప్‌గ్రేడ్ చేస్తే కంప్యూటర్ చాలదు. కంప్యూటర్ మారిస్తే పాత పాటలు సగం తెరుచుకోవు. కొన్నదాన్నే మళ్లీ కొనిపించి, అది మనకేదో మేలు చేసినట్టు అభినందనలు అంటూ తెర మీద రంగుల అక్షరాలు చూపిస్తారు. హైదరాబాద్‌లో అమ్మే అతనికి ఫోన్ చేసి ఇదేం అన్యాయమని అడిగితే, “సార్‌కి ఇవ్వండి మేడం, సార్‌తో మాట్లాడతా” అంటాడు. మా సార్‌కు ఫైలు ఎక్కడ దాచాలో కూడా తెలియదు.

ప్రతిసారీ డబ్బు నా చిట్టీలోంచే పోతుంది. స్కూలు జీతంలోంచి కట్టే ఆ చిట్టీ అసలు నా బీఎడ్ కోసం. బీఎడ్ ఉంటే డీఎస్సీ రాయొచ్చు, సర్కారు బడిలో టీచరు కావచ్చు. చిట్టీ చేతికొచ్చే నెలలోనే ఆ కంపెనీ వాళ్లకు కొత్త వర్షన్ గుర్తొస్తుంది. “ఇంటి కోసమే గద, ఎవరికన్న ఇస్తున్నమా?” అంటాడు మా ఆయన. నా చదువు ఏ ఇంటి కోసమో ఎవరూ చెప్పరు.

రెండువేల ఎనిమిది దసరాకు ఇంకొకటి జరిగింది. ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ లాంటి వేలెడంత కీ ఒకటి గుచ్చాలి. అది లేకపోతే లక్ష పెట్టి కొన్నదైనా తెరుచుకోదు. అందుకే దాన్ని బీరువాలో నా చీరల మధ్య దాస్తాను. ఆయుధపూజ రోజు నేను వంటింట్లో పూర్ణం పెట్టి బచ్చాలు ఒత్తుతుంటే, మా అత్తమ్మ దాన్ని బయటికి తీసింది. కొడుక్కి అన్నం పెట్టే వస్తువు కదా అని పసుపు నీళ్లతో కడిగి, కుంకుమ బొట్టు పెట్టి, స్కూటర్ తాళాల పక్కన పళ్లెంలో పెట్టింది. మర్నాడు గుచ్చితే దాని లైటు వెలగలేదు. ఎండలో పెట్టాను, పాతబట్టతో తుడిచాను, దూదిపుల్లతో గీకాను. దాని మూతి సందుల్లోంచి పసుపు వస్తూనే ఉంది.

“పూజ చేస్తె ఖరాబైతదా ఏడనన్న? నువ్వు చెప్పొద్దా?” అంది అత్తమ్మ.

“కీ దాసేది నువ్వు. ఇంట్ల మనిషివి, జర చూస్కోవద్దా?” అన్నాడు ఆయన.

హైదరాబాద్ అతను కీ పోతే సాఫ్ట్‌వేర్ పోయినట్టేనని చల్లగా చెప్పాడు. పాతది ఇప్పుడు అమ్మడం లేదట, కొత్త వర్షన్ పూర్తి ధర పెట్టి కొనాలట. ఆ వారమే నాకు వనపర్తి కాలేజీలో బీఎడ్ సీటు వచ్చింది, చిట్టీ కూడా చేతికొచ్చింది. సీటు సంగతి చెబితే మా ఆయన బచ్చం తుంచుకుంటూ విన్నాడు.

“జాతర ముందట పెట్టుకొని బీఎడ్ ఏంది? వచ్చే ఏడు చూద్దం. కొత్త వర్షన్ల నా గొంతు ఇంక మంచిగొస్తదంట” అన్నాడు.

నా గొంతు అన్నాడు. నా కళ్లు మంటెత్తేదాకా కోసి, అతికి, నిలబెట్టిన గొంతును ఆ నోటితోనే నాది అన్నాడు. నెయ్యి కారుతున్న ఆ చేతినీ, నములుతున్న ఆ నోటినీ చూశాను. సరే చూస్త అన్నాను. మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి, ఆత్మకూరు మీదుగా వనపర్తి బస్సెక్కి, చిట్టీ డబ్బంతా కాలేజీలో కట్టేశాను. తిరిగొచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నాను. భయం వేయలేదు, ఆకలి వేసింది. బస్టాండులో ఒక్కదాన్నే కూర్చుని మిర్చీ బజ్జీ తిన్నాను.

జాతర సీడీని ఇంటర్‌నెట్‌లో ఊరికే దొరికే చిన్న ప్రోగ్రాంలో రికార్డు చేశాను. చెప్పింది చెప్పినట్టు రాసుకునే పిల్లలాంటిది అది, తనంతట తాను దేన్నీ దిద్దదు. పాతకాలం పద్ధతిలో కోసి అతికితే ఎంతో కొంత బాగుచేయొచ్చు, ఆ పని నాకొచ్చు. చేయలేదు. ఆయన పాడాడు, ఈరమ్మ వాళ్లు పాడారు, ఎవరి గొంతు వాళ్ల ట్రాకులో సరిగ్గా పడింది. కొత్తది కొన్నావా అని ఆయన అడగలేదు, కొనే ఉంటానని ఆయన ధీమా. పాట కూడా వినలేదు, ఎప్పుడూ వినడు. అట్ట మీద తన ఫోటో చిన్నగా వచ్చిందని మాత్రం రెండుసార్లు ప్రెస్సుకు వెళ్లొచ్చాడు.

జాతర మంగళవారం పొద్దున గుడి దారి పొడుగునా స్తంభాలకు మైకులు కట్టారు. నేను అత్తమ్మతో కలిసి బోనం దించి కూర్చున్నాను. పల్లవి బాగానే వచ్చింది. చరణం మొదలై గొంతు కిందికి జారింది, మళ్లీ ఎక్కబోయి కిర్రుమంది. ఈరమ్మ వాళ్ల కోరస్ దాని పక్కన తిన్నగా నిలబడేసరికి ఆ వంకర ఇంకా బాగా తెలిసింది. కొబ్బరికాయల దుకాణం దగ్గర ఎవరో ఎవడ్రా వీడు అని నవ్వారు. అత్తమ్మ మైకు ఖరాబైంది అంది. అన్ని మైకుల్లోనూ అదే వస్తోంది. జాలి కలుగుతుందేమోనని నాలోపల వెతుక్కున్నాను, దొరకలేదు.

జనాన్ని తోసుకుంటూ ఆయన వచ్చాడు. ముఖం నల్లబడిపోయి ఉంది.

“ఏం చేసినవే నా పాటను?”

“ఏం చెయ్యలేదు” అన్నాను. “ఈసారి ఉత్త బటనే ఒత్తిన.”