కండక్టరమ్మ అడిగిన ప్రశ్న

ఆదివారం ఉదయం పది గంటలకి ఆ ఇంటి ముందుగదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ మంచి మార్కులతో పూర్తిచేసిందని విని పై అంతస్తువాళ్ళు, ఎదురింటివాళ్ళు, బాబాయి, పిన్ని వచ్చారు. టీ కప్పు అందుకుంటూనే అందరూ అడిగిన మాట ఒకటే: "ఏ దేశం వెళ్తున్నావమ్మా?" ఏం చదవాలనుందని ఒక్కరూ అడగలేదు. పాఠకులు గమనించారో లేదో, మన ఇళ్ళలో ఆ రెండో ప్రశ్న వినపడక చాలాకాలమైంది.

ఆ అమ్మాయిని ఇంట్లో 'రిపేరు' అని పిలుస్తారు. ఐదేళ్ళప్పుడు గోడగడియారం విప్పి మళ్ళీ బిగించిందట. రెండు మరలు మిగిలిపోయాయి కానీ గడియారం మాత్రం నడిచింది. ఆ రోజు తండ్రి పెట్టిన పేరు అది. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. తల్లి ఆసుపత్రి వెనుక వర్క్‌షాపులో కృత్రిమ కాళ్ళు తయారుచేస్తుంది. ఎంత తోముకున్నా ఆమె గోళ్ళ అంచుల్లో ప్లాస్టర్ పొడి తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది.

"నలుగురితో పాటు నారాయణా అన్నారు అన్నయ్యా. మా ఆఫీసులో ఆరుగురి పిల్లలు ఆ పెద్ద దేశంలోనే ఉన్నారు. అందరిదీ డేటా సైన్సే. రేపు పొద్దున్నే కన్సల్టెన్సీకి తీసుకెళ్తా" అన్నాడు బాబాయి.

"నేనింకా ఏమీ అనుకోలేదు బాబాయ్."

"అనుకోవడానికేముందే? అనుకోవలసిందంతా వాళ్ళే అనుకుని పెడతారు!"

బాబాయి చెడ్డవాడు కాడు. అన్న కూతురు బాగుపడాలని మనసారా కోరుకునేవాడే. మంచి కోరి దారి తప్పించేవాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు.

మర్నాడు కన్సల్టెన్సీలో కుర్చీలన్నీ నిండిపోయి కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. కౌన్సిలర్ ఆమె మార్కుల షీటు ఒక్క చూపు చూసి, "ఎనభై రెండు శాతం. అయితే ఈ నాలుగు యూనివర్సిటీలు" అని కాగితాలు ముందుకి తోశాడు. ఆ చదువు ఎందుకు కోరుకుంటున్నదీ విద్యార్థి స్వయంగా రాయవలసిన ఉత్తరం కూడా అందులో సిద్ధంగా ఉంది. "చిన్ననాడు మా తాతగారు డాబా మీద పడుకోబెట్టి నాకు నక్షత్రాలు లెక్కపెట్టడం నేర్పారు. ఆనాటి నుంచి అంకెలంటే నాకు ప్రాణం" అని మొదలైంది ఆ ఉత్తరం.

రిపేరు పుట్టకముందే తాతగారు పోయారు. పక్క కుర్చీలోని కుర్రాడు కూడా తన కాగితం పట్టుకుని తెల్లబోయి చూస్తున్నాడు. తొంగిచూస్తే అవే నక్షత్రాలు.

"మీ తాతగారు కూడానా?" అంది.

"మా తాతగారికి రేచీకటండీ" అన్నాడతను.

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక రిపేరు ఆ కాగితం మళ్ళీ చదివింది. ఇంతటి నిర్ణయంలో తన సొంతమాట ఒక్కటీ లేదు. పేరు కొట్టేస్తే ఆ ఉత్తరం ఎవరిదైనా కావచ్చు. ఆలోచించుకుని చెప్తానని లేచింది. నెలాఖరు దాటితే సీట్లుండవని కౌన్సిలర్ హెచ్చరించాడు.

ఆమె తిన్నగా తల్లి వర్క్‌షాపుకి వెళ్ళింది. బల్ల మీద ఒక కండక్టరమ్మ కూర్చుని ఉంది. తండ్రి డిపోలోనే పని. రెండేళ్ళ కిందట ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయినా, కృత్రిమ కాలు తొడుక్కుని డ్యూటీ చేస్తోంది. తెగిన కాలు దూరే గిన్నెలాంటి తొడుగుని తల్లి ఆకురాయితో అరగదీస్తోంది. ఆ నెలలో అది మూడోసారి.

"పొద్దున బాగానే ఉంటుంది తల్లీ" అంది కండక్టరమ్మ. "మధ్యాహ్నానికి బస్సు పెనంలా కాలుతుంది. లోపలంతా చెమట. సాయంత్రానికి చర్మం ఊడొస్తుంది."

"కొలతలో తప్పు లేదు. మరెందుకిలా అవుతోందో అంతుపట్టడం లేదు" అంది తల్లి.

"లోపల వేడి ఎంతుందో ఎప్పుడైనా కొలిచావా అమ్మా?" అని అడిగింది రిపేరు.

తల్లి చేతిలో ఆకురాయి ఆగింది. ఇరవై ఏళ్ళలో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

మూడు రోజులపాటు రిపేరు ఆ బస్సులోనే తిరిగింది. కాలేజీ ప్రాజెక్టులో మిగిలిన చిన్న సెన్సర్లను తొడుగు లోపల అతికించి, గంటగంటకీ వేడి రాసుకుంది. లోపలి వేడికి బయటపడే దారే లేదు. తడిసిన చర్మం నడిచినప్పుడల్లా ఒరుసుకుంటోంది. తొడుగుని ఎంత అరగదీసినా ఆ బాధ పోదు. దేంతో చేస్తే పోతుందో మాత్రం ఆమెకి తెలియదు. ఆ తెలియకపోవడమే ఆమెకి కునుకు పట్టనివ్వలేదు.

తర్వాత పది రోజులు లైబ్రరీలో పరిశోధన వ్యాసాలు తిరగేసింది. పేరు ఎవరూ వినని ఒక చిన్న దేశంలో, ఒక చిన్న ఊరి యూనివర్సిటీలో సరిగ్గా దీని మీదే పనిచేస్తున్నారు. అక్కడి ప్రొఫెసరుకి తన కొలతలు పంపి, రావచ్చా అని రాసింది. ఆవిడ వెంటనే రమ్మనలేదు. "ముందు నా విద్యార్థులు ముగ్గురితో మాట్లాడు. నా గురించి నిజం చెప్పమన్నాను" అని వాళ్ళ నంబర్లు ఇచ్చింది.

"ఆరింటికే ఊరు పడుకుంటుంది. ఇక్కడి భాష రాకపోతే నోరున్న మూగవే. కానీ రెండో నెల నుంచే రోగుల పక్కన కూర్చుని పనిచేశాను" అందొక అమ్మాయి. పెద్ద దేశంలో ఉన్న తన కాలేజీ సీనియర్‌ని కూడా రిపేరు అడిగింది. "నాకు కావలసింది ఇక్కడ ఉంది కాబట్టి నాకు బాగుంది. నీ తొడుగుల గురించి చెప్పేవాళ్ళు మాత్రం ఈ కోర్సులో లేరు" అన్నాడతను నిజాయితీగా.

ప్రొఫెసరు రమ్మందనీ, తను అక్కడికే వెళ్తాననీ రిపేరు చెప్పగానే బాబాయి మండిపడ్డాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ఆ ఊరిపేరు నాకు నోరే తిరగడం లేదు. నలుగురికీ ఏమని చెప్పాలి అన్నయ్యా?"

తండ్రి తల పట్టుకున్నాడు. పెద్ద దేశం అని అతను అప్పటికే డిపోలో చెప్పుకున్నాడు. అప్పుడే సెన్సర్లు తిరిగివ్వడానికి వచ్చిన కండక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది.

"నేనో మాట అనొచ్చా బాబూ?" అంది లోపలికి వస్తూ. డిపోలో ఆమె మాటంటే అందరికీ గౌరవం. తండ్రి లేచి కుర్చీ జరిపాడు.

"చెప్పక్కా."

"పాతికేళ్ళుగా టికెట్లు కొడుతున్నాను. ఎక్కినవాళ్ళని మొదట అడిగేది, ఎక్కడ దిగాలీ అని. 'జనం ఎక్కడ దిగితే అక్కడే నేనూ దిగుతా' అంటే టికెట్టెలా కొట్టను? ఎక్కువమంది ఎక్కిన బస్సు మంచి బస్సనుకోవడం పొరపాటు బాబూ. వాళ్ళకి అటు పనుంది, వెళ్తున్నారు. మీ పిల్లకి పనెక్కడుందో మీ పిల్లకి తెలుసు. అదృష్టం కాదూ?"

తల్లి కూతురి వైపు తిరిగి, "ఆ భాష నేర్చుకోవడం ఎప్పుడు మొదలుపెడతావే?" అంది. తండ్రి ఫక్కున నవ్వేశాడు. నిర్ణయం అయిపోయింది.

అక్కడ మొదటి చలికాలం ఆమె ఏడవని వారం లేదు. భాష రాక, బజారులో ఉప్పనుకుని చక్కెర తెచ్చుకుంది. కానీ ఏడాది తిరిగేసరికి, గాలాడే కొత్తరకం తొడుగుల్ని పరీక్షించే బృందంలో ఆమెకీ చోటు దొరికింది. తల్లి తన వర్క్‌షాపు కొలతలు పంపుతుంది, కూతురు ప్రశ్నలు పంపుతుంది. ఇద్దరూ కలిసి రాసిన మొదటి వ్యాసంలో తల్లి పేరు కూడా అచ్చయింది. చదువు పదో తరగతితో ఆగిపోయిన ఆ తల్లి ఆ పేజీని రోజంతా కొంగున దాచుకుని తిరిగింది.

తల్లిదండ్రులారా, పిల్లలు ఎక్కడికి వెళ్ళాలో నలుగురినీ అడిగి తేల్చకండి. వాళ్ళ మనసుని ఏ ప్రశ్న నిలవనివ్వడం లేదో ముందు వాళ్ళనే అడగండి. దానికి జవాబు నేర్పే చోటు ఎంత చిన్నదైనా, వాళ్ళకి అదే పెద్ద చదువు.