సుంకమ్మ పోసిన వాన

నేను ఒక వాన గొట్టాన్ని. చదువుకున్నవాళ్ళు వర్షమాపకం అంటారు. ఎలా పిలిచినా నా పని ఒకటే, నోరు తెరుచుకుని ఆకాశం కేసి చూస్తూ నిలబడటం. అనంతపురం జిల్లాలో ఆ పని చెయ్యాలంటే ఎంత ఓపిక ఉండాలో మీరే ఆలోచించండి.

నన్ను చేసినవాడు కర్నూలులో రేకుల పని చేసే మస్తాన్. కిరసనాయిలు డబ్బాలు, గరాటులు చేసుకుని బతికే మనిషి. ఒంటికి రేకు, పెదవికి ఇత్తడి అంచు, గొంతులో గరాటు, కడుపులో ఒక గాజు సీసా, ఇదీ నేను. పని అయిపోయాక నన్ను ఎగాదిగా చూసి, "ఇంత చేస్తే నీలో పడేది వాననీళ్ళంట, నూనె కూడా కాదు" అని జాలిపడ్డాడు. లోకంలో నామీద జాలిపడ్డవాడు అతనొక్కడే.

మొదట ఒక తాలూకా ఆఫీసు పెరట్లో పాతారు. రోజూ పొద్దున సీసా తీసి చూడాల్సిన మనిషి కిటికీలోంచే చూసి రాసేసేవాడు. ఎండ కనబడితే సున్నా, మబ్బు కనబడితే కొంచెం. నిజంగా వాన పడిన రోజున తడుస్తానని ఆఫీసుకే రాలేదు. చివరికి ఒక పిచ్చుక నా గరాటులో గూడు కట్టింది. ఆ ఆఫీసులో పని చేస్తుండగా నేను చూసింది ఆ పిచ్చుకనొక్కదాన్నే.

అక్కణ్ణుంచి నన్ను పెకిలించుకుపోయినవాడు డాక్టర్ చెన్నకేశవులు. సూది వేసే డాక్టరు కాదు, గాలిని చదివే డాక్టరు. గుత్తి దగ్గర బోడికొండల నడుమ ఆయనదొక చిన్న పరిశోధన కేంద్రం. వాన రాకపోతే మానె, గాలిలో తేమ ఎక్కడికి పోతుంది, దాన్నే పట్టుకుందాం అన్నది ఆయన పంతం. వెదురు కర్రలకు నైలాను వల బిగించి, దానికి మంచువల అని పేరు పెట్టి, దాని కింద నన్ను నిలబెట్టాడు. వల మీద చేరిన తేమ బొట్టుబొట్టుగా కారి నా నోట్లో పడాలి. అలా పడితే ఎండిపోయిన ఊళ్ళకు తాగునీళ్ళు, ఆయనకు పేరు.

రోజూ నన్ను తుడుస్తూ పెద్ద పెద్ద శాస్త్రవేత్తల కథలు చెప్పేవాడు. పండు రాలితే భూమి గుట్టు పట్టినాయన, నీళ్ళతొట్టిలోంచి లేచి బట్టల సంగతి మరిచి వీధిలో పరిగెత్తినాయన. మామూలు మనుషులు పండు దొరికితే తినేసి, చెట్టు ఎవరిదా అని చుట్టూ చూస్తారు. ఆ కథలన్నీ విన్నాక నాకు అర్థమైంది ఒకటే. ఆ మహానుభావులందరికీ వేళకు అన్నం ఇంకెవరో వండిపెట్టారు.

నాలుగేళ్ళయినా వల పట్టింది దుమ్మూ, మిడతలూ. ఈ ఎండాకాలం లోపల నీళ్ళు చూపించకపోతే కేంద్రం మూసేసి నిన్ను పై ఆఫీసులో కుర్చీకి కట్టేస్తామని డైరెక్టరు దీక్షితులు గారు కబురు పంపాడు. చెన్నకేశవులికి అన్నం సయించలేదు.

అట్లాంటప్పుడు ఒక శుక్రవారం పొద్దున నా సీసాలో నీళ్ళున్నాయి.

ఆయన ఎగిరి గంతేశాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. వేపాకు వాసన. దీన్ని చెట్ల ఊపిరి అన్నాడు. కొంచెం పసుపు రంగు. అది ఎర్రమట్టి ప్రభావం అన్నాడు. మళ్ళీ శుక్రవారం నీళ్ళు, ఆ పై శుక్రవారమూ నీళ్ళు. శుక్రవారాలే ఎందుకన్నదానికీ కారణం కనిపెట్టాడు. గురువారం సంతకు పోయే లారీలు దుమ్ము లేపుతాయట, ఆ దుమ్ము చుట్టూ తేమ గడ్డకడుతుందట. చదువు ఎంత దూరం పోగలదో నేను ఆ రోజు చూశాను.

నాకు నిజం తెలుసు. కానీ నా నోరు తెరిచి ఉంచడానికే గానీ చెప్పడానికి కాదు కదా.

ఆ ఊళ్ళో వాన కరువైతే ఆడవాళ్ళు కప్పతల్లి ఆడతారు. రోకలికి ఒక కప్పను గుడ్డతో కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇల్లాలూ దాని మీద పసుపునీళ్ళు పోస్తుంది. ఆ గుంపుకి ముందు నడిచేది సుంకమ్మ, కేంద్రానికి పాలు పోసే మనిషి. ఆ ఏడు శనక్కాయ విత్తనం ఇంట్లో పెట్టుకుని మబ్బు కోసం చూస్తోంది. శుక్రవారం తెల్లవారి, సారు స్నానానికి పోయిన సమయంలో వాళ్ళంతా కంచె దాటి వచ్చి, కప్ప మీద పోయగా మిగిలిన చెంబెడు నీళ్ళు నా నోట్లో పోసి, నా పెదవికి బొట్టు పెట్టి, పోయేటప్పుడు కొంగుతో తుడిచేసేవాళ్ళు.

ఇదేమీ తెలియని చెన్నకేశవులు డైరెక్టరు గారిని శుక్రవారం నాడే రమ్మన్నాడు.

జీపు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. హారను వినగానే నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కంగారుపడ్డారు, చెన్నకేశవులు తడితలతోనే బయటికి పరిగెత్తుకొచ్చాడు. గుడ్డముడి జారింది, కప్ప నా గరాటులో పడి అక్కడే చల్లగా కూర్చుంది. దాని నెత్తిన ఒక వేపరెమ్మ. దీక్షితులు గారు కళ్ళద్దాలు సర్దుకుని నాలోకి వంగి చూశాడు. కప్ప కూడా ఆయన్ని చూసింది.

ఇది ఎవరు పెట్టారని అడిగాడు. సుంకమ్మ దాక్కోలేదు, ముందుకే వచ్చింది.

"మేమే సామీ. కప్పతల్లికి పోసి, కడాకు ఒక చెంబు ఈ గొట్టంలో పోస్తాం. పొద్దున్నే మా సారు చూసి వాన పడిందని రాసుకుంటాడు గదా. సర్కారోళ్ళు రాసినాక వానదేవుడు యాడికి తప్పించుకుంటాడు?"

చెన్నకేశవులి ముఖం వలలాగే వేలాడింది. డైరెక్టరు గారు మరీ రాతిమనిషి కాదు, ఒక సందు చూపించాడు. ఈ ఒక్కరోజే అయ్యుంటుంది లెండి, మిగతా శుక్రవారాలవి మీ వల పట్టినవే కదా అన్నాడు. అవునంటే చాలు, కేంద్రం నిలబడుతుంది, పేరు నిలబడుతుంది. చెన్నకేశవులు కప్ప నెత్తిన ఉన్న వేపరెమ్మ తీసి వాసన చూశాడు.

"లేదు సార్. అన్నీ ఈమె పోసినవే. వేపాకు వాసన వస్తే చెట్ల ఊపిరి అని రాశాను."

"మరి మీ వల ఇంతకాలం ఏం పట్టినట్టు?"

"కప్పను సార్."

ముందు నవ్వింది సుంకమ్మ. తర్వాత చెన్నకేశవులు, కడుపు పట్టుకుని, కూలబడి, నాలుగేళ్ళ నవ్వు ఒకేసారి. డైరెక్టరు గారు నవ్వలేదు గానీ కళ్ళద్దాలు తీసి అవసరం లేకపోయినా తుడిచాడు. తుడుస్తూనే, ఊరూరా ఇలాంటి గొట్టాలున్నాయి, వాటిలో ఎవరెవరు ఏం పోస్తున్నారో అని దిగులుపడ్డాడు. ఎత్తుగా కంచె కట్టించి తాళం వెయ్యమన్నాడు.

"తాళం వేస్తే కంచె దూకి పోస్తాం" అంది సుంకమ్మ, మర్యాదగానే.

అదిగో, అప్పుడు వెలిగింది చెన్నకేశవులికి. గొట్టాలు రెండు ఉండాలి. కంచె లోపలిది ఆకాశానికి, బయటిది మనుషులకు. సుంకమ్మ ఒక్కటే అడిగింది, బయటిదాన్ని కూడా పొద్దున్నే చూసి రాస్తావా అని.

"రాస్తానమ్మా, వేరే పేజీలో" అన్నాడు.

నాలుగేళ్ళు గాలిని పిండినా రాని పేరు, ఒక ఉత్త గొట్టం పక్కన పెట్టినందుకు వచ్చింది. లోపలి గొట్టం లెక్కలో ఇక చెంబునీళ్ళు కలవవు గనక కేంద్రం నిలబడింది. చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు వచ్చి చూసి పోయి తమ ఊళ్ళలోనూ పెట్టుకున్నారు. ఆయన్ని జంటగొట్టాల చెన్నకేశవులు అన్నారు. మొదట్లో ముఖం చిట్లించేవాడు, తర్వాత తనే చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

లోపలికి ఫ్యాక్టరీ నుంచి మెరిసే గొట్టం వచ్చింది. బయటిది నేనే. శాస్త్రంలోంచి తీసేశారని కొన్నాళ్ళు కుమిలిపోయాను. తర్వాత చూసుకుంటే, లోపలిదాన్ని రోజుకు ఒక్కడు చూస్తాడు. నాకు పసుపు, కుంకుమ, పండగకి పూలదండ. ఏది మేలో మీరే చెప్పండి.

చెన్నకేశవులు ఉద్యోగం దిగిపోయిన ఏడు తొలకరి ఆలస్యమైంది. వీడ్కోలు దండలు ఇంకా మెడలో ఉండగానే ఆయన ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. వెనక దాచుకున్న చెంబు తీసి నీళ్ళన్నీ నా నోట్లో వంచాడు. వేపరెమ్మ కూడా వేశాడు, పద్ధతి తప్పకుండా.

సాయంత్రం వాన దంచి కొట్టింది. రెండింటికీ సంబంధం లేదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన కొత్త చొక్కాతో వాకిట్లో నిలబడి తడిశాడు, సుంకమ్మ విత్తనం మూట విప్పింది. లోపలి గొట్టం ఆ వానను సరిగ్గా కొలిచింది. నేను కొలవలేదు. నా నిండా అప్పటికే నీళ్ళున్నాయి.