పెట్టె వెళ్ళొచ్చిన వేసవులు

కట్టుడు పళ్ళు చేసే ఆయన్ని ఊళ్ళో అందరూ పళ్ళాయన అనేవారు. నోట్లో మైనం పెట్టి కొరికించి, అచ్చు తీసి, పళ్ళు పేర్చి, అరగదీసి, ఎంతటివాళ్ళతోనైనా "సోమవారం రండి" అనేవాడు. సోమవారం వచ్చినవాళ్ళకి పళ్ళు పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి పేపరు పైకి చదివించేవాడు. ఎక్కడైనా ఈల వినిపించిందా, పళ్ళు మళ్ళీ లోపలికి పోవాల్సిందే. ఆయన కట్టిన పళ్ళు ఈల వెయ్యవని పేరు. ఆ పేరే ఆయన కొంప ముంచింది.

ఏటా ఎండలు మొదలవగానే భార్యాభర్తలిద్దరూ టీ తాగుతూ సముద్రానికి ప్రయాణం వేసుకునేవాళ్ళు. గురువారం పొద్దున బస్సు, ఆదివారం తిరుగు బస్సు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒక మాటన్నాడు: "నువ్వు మొదటిసారి సముద్రం చూస్తున్నప్పుడు నేను నీ మొహం చూడాలి." ఆ ఒక్క మాట మీదే ఆవిడ కాపురం చేసుకొచ్చిందంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే. మరీ ఎక్కువ మాత్రం కాదు.

పెట్టె సర్దేవాళ్ళు. ఆయన బట్టలు ఒక పక్క, ఆవిడవి ఒక పక్క. బుధవారం సాయంత్రానికి ఎవరో ఒకరు దవడ పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు. "చిగురు ఒరుసుకుపోతోందయ్యా, ముద్ద దిగట్లేదు" అనేవారు. పళ్ళాయన కరిగిపోయేవాడు.

"వచ్చే ఏడు వెళ్దాంలే. సముద్రం ఎక్కడికి పోతుంది?"

"అలాగే లెండి" అనేది ఆవిడ.

గురువారం పొద్దున పెట్టె బయల్దేరి వెళ్ళిపోయేది. ప్రయాణమంటూ వేసుకున్నాక ఎవరో ఒకరు వెళ్ళాలి కదా. చక్రాలమీద గడప దిగి, సందు మలుపు తిరిగి, బస్టాండు చేరేది. కండక్టరు దాన్ని ఎత్తి లోపల పెట్టేవాడు. మేడ మీది మాస్టారు దారిలో ఉన్న తన స్కూటరు పక్కకి జరిపి, "ఎండ ముదరకముందే బయల్దేరింది, నయం" అనేవాడు.

ఆదివారం దీపాలవేళకి అది తిరిగొచ్చేది. ఆవిడే విప్పేది. తన బట్టల అంచులు ఉప్పు పట్టి బిరుసెక్కి ఉండేవి, మడతల్లోంచి ఇసుక రాలేది. ఆయన చొక్కాలు ఇస్త్రీ నలగకుండా, పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. తనవి ఉతికి ఆరేసి, ఆయనవి బీరువాలో పెట్టేసేది. ఆ నాలుగు రోజులూ ఆవిడ ఇంట్లోనే ఉండేది, వంట చేసేది, కానీ పిలిస్తే పలికేది కాదు. ముక్కు మీద తోలు లేచిపోయేది. "ఎండలో తిరక్కే" అని మందలించి ఆయన షాపుకి పోయేవాడు. అలా తొమ్మిది వేసవులు గడిచాయి.

ఈ ఏడు ఆవిడ సముద్రం ఊసే ఎత్తలేదు. ఆయనకి మొదటిసారి గుండెలో కలుక్కుమంది. తనే టికెట్లు తెచ్చాడు, తనే పెట్టె సర్దాడు, బుధవారం మధ్యాహ్నమే షాపుకి తాళం వేశాడు. దవడలు పట్టుకొచ్చిన ఆరుగుర్ని సోమవారం రమ్మని పంపేశాడు. గురువారం పెట్టెతో పాటు ఇద్దరూ బస్సెక్కారు.

సముద్రం కనపడే మలుపు దగ్గర ఆయన సముద్రాన్ని చూడలేదు. ఆవిడ వైపే తిరిగి, ఊపిరి బిగబట్టి, ఆవిడ మొహమే చూశాడు.

ఆవిడ పెరట్లో బావి చూసినట్టు చూసింది. "ఈసారి నీళ్ళు కాస్త వెనక్కి పోయినట్టున్నాయండీ" అంది.

లాడ్జి ఆవిడ గేటు దాకా ఎదురొచ్చింది. "వచ్చావా వదినా! నీ గది ఊడ్పించి ఉంచాను." అప్పుడు చూసింది ఆయన్ని. "ఈయనెవరు?"

"మా ఆయన."

"అయ్యో, ఉన్నారా!" అని లాడ్జి ఆవిడ నాలిక్కరుచుకుంది. "ఒక్క దిండే వేశాను, ఉండండి, ఇంకోటి తెస్తాను."

మూడు రోజులు ఆవిడ ఆయన్ని చుట్టాన్ని తిప్పినట్టు తిప్పింది. ఏ రాయి జారుతుందో చెప్పింది. వలలు బాగుచేసే ముసలాయన ఆవిడ కీళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. ఆవిడకి కీళ్ళ నొప్పులున్నట్టు పళ్ళాయనకి తెలీదు.

"నాతో ఒక్కసారైనా చెప్పొచ్చు కదే" అన్నాడు శనివారం సాయంత్రం.

"ఏమని చెప్పను? పెట్టె విప్పేటప్పుడు మీరు ఎప్పుడైనా పక్కనున్నారా?"

ఆయనకి ఏడుపొచ్చింది. "తప్పు నాదే" అన్నాడు.

"తప్పొప్పులకేముంది లెండి. ఆ మొదటిసారి మాత్రం మీరు పక్కనుంటే బాగుండేది. అంత నీరు చూసి చాలా భయపడ్డాను."

ఆదివారం పెట్టె మూత పడలేదు. ఆయన మూత మీద కూర్చున్నాడు, లాడ్జి ఆవిడ కూడా కూర్చుంది. అయినా పడలేదు. భార్య తన బట్టలు తీసి మంచం మీద పెట్టింది. టక్కున మూత పడింది. ఆయన బతిమాలుతున్నట్టు ఆవిడ తువ్వాలొకటి మళ్ళీ లోపల పెట్టాడు. మూత లేచి కూర్చుంది.

"ఇంకెందుకండీ దాన్ని హింస పెట్టడం" అంది లాడ్జి ఆవిడ. "వదినకి కూడా వండేస్తాను" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మరి నువ్వు?" అన్నాడాయన.

"నేనుంటాను లెండి. మీకు రేపు సోమవారం కదా" అంది ఆవిడ. గేటు దాకా వచ్చి, ఆయన ఇంకేదో అంటాడేమోనని చాలాసేపు నిలబడింది. ఆయన "కీళ్ళు జాగ్రత్త" అన్నాడు.

బస్సు సగం దారి వచ్చాక తట్టింది ఆయనకి, పెట్టెలోంచి తన బట్టలు కూడా తీసేస్తే సరిపోయేదని. పెట్టెని ఖాళీగా పంపేసి తను అక్కడే ఉండొచ్చని. అంత చిన్న సంగతి. ఉలిక్కిపడి లేచాడు.

"ఆపమంటారా?" అన్నాడు కండక్టరు.

డ్రైవరు వేగం తగ్గించాడు. రోడ్డుకి అవతల, సముద్రం వైపు వెళ్ళే బస్సు కోసం నలుగురు నిలబడి ఉన్నారు. పళ్ళాయన సీటు కడ్డీ పట్టుకుని వాళ్ళని చూశాడు. పొద్దున్నే వచ్చే ఆరుగురూ గుర్తొచ్చారు.

"వద్దులే, పోనివ్వు" అని కూర్చున్నాడు.