పద్నాలుగు డిగ్రీలు

యాలకుల కాఫీ పొంగకుండా దించుతూ ఇబ్తిహాల్ బయటి మాటలు వింటోంది. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఆ గ్యారేజీ భర్త అబూ కరమ్ పేరు మీద ఉంది. కారుకి కంప్యూటర్ తగిలించి జబ్బు కనిపెట్టే పని మాత్రం ఆమెది. కనిపెట్టినదాన్ని ఆమె పైకి అనదు. కప్పు అందిస్తూ అతని చెవిలో వేస్తుంది. అతను బయటికెళ్ళి, మీసం దువ్వుకుని, తీర్పులా చెబుతాడు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే మర్యాద.

టీచరు అరీజ్ మూడోసారి వచ్చింది. సల్త్ ఊరికెళ్ళే కొండదారి మలుపుల్లో స్టీరింగ్ ముందున్న హెచ్చరిక దీపం వెలిగి, కారు తనంతట తానే ఒకవైపు బ్రేకు పట్టేస్తోందట. వెనక సీట్లో ఆమె పిల్లలుంటారు. స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్‌ని అబూ కరమ్ ఇప్పటికే మార్చాడు.

"సెన్సర్ కొత్తదే టీచరమ్మా. మలుపులో మీరే కంగారుపడి లాగేస్తున్నట్టున్నారు. ఓసారి మీవారిని నడపమనండి."

పక్క షాపువాళ్ళు నవ్వారు. అరీజ్ కూడా నవ్వబోయింది.

ఆ నవ్వు ఇబ్తిహాల్‌కి తెలుసు. నీకు ప్రతిదీ గుచ్చుకుంటుందే అని అత్తగారన్నప్పుడు, అంతా నీ భ్రమ అని భర్త అన్నప్పుడు, తనూ అలాగే నవ్వింది. నవ్వి, తనలోనే ఏదో వంకరుందేమోనని లోలోపల తడుముకుంటూ, దిద్దుకుంటూ వచ్చింది. పోయిన నెల అతను ఈ కారు చక్రాలు సరిచేస్తున్నప్పుడు స్టీరింగ్ పక్కకి తిరిగి ఉందని చెప్పింది. నీ కళ్ళే వంకర అన్నాడు. నిజమేనేమో అనుకుంది.

కాఫీ అక్కడే వదిలి, స్కానర్ తీసుకుని కారులో అరీజ్ పక్కన కూర్చుంది. పిండిమర వెనక తిన్నని రోడ్డు మీద కారు తిన్నగానే పోతోంది. స్కానర్ తెర మీద మాత్రం స్టీరింగ్ పద్నాలుగు డిగ్రీలు ఎడమకి. మనిషి ఎడమకి తిప్పుతోంది, కారు మాట వినడం లేదు అనుకుని, కంప్యూటర్ పాపం జారిపోతున్నామని భయపడి, మలుపుల్లో బ్రేకు పట్టేస్తోంది.

తిరిగి వచ్చేసరికి అబూ కరమ్ అలవాటుగా దగ్గరికొచ్చి చెవి ఒగ్గి తల వంచాడు. ఆమె అతన్ని దాటి చూసింది.

"మీ తప్పేం లేదు టీచరమ్మా. సెన్సర్ తప్పూ లేదు. చక్రాలు సరిచేసిన రోజే స్టీరింగ్ వంకరగా ఉంది. దాన్ని తిన్నగా పెట్టి చక్రాలు మళ్ళీ సరిచేసి, సున్నా ఎక్కడో కంప్యూటర్‌కి కొత్తగా నేర్పాలి. నేనే చేస్తాను."

మీ తప్పేం లేదు. ఆ మాట ఇబ్తిహాల్‌తో ఇంతవరకూ ఎవరూ అనలేదు. తన గొంతులోనే మొదటిసారి విన్నది.

"ఇలాంటివి ఇంట్లో చెప్పుకోవాలి," అన్నాడతను పళ్ళు బిగించి.

"ఇంట్లో చెప్పాల్సినవి వేరే ఉన్నాయి, అబూ కరమ్. అవి సాయంత్రం చెబుతాను," అని ఆమె కారు తలుపు తెరిచింది.