అగ్గిపెట్టెల అమ్మాయిలు పెట్టని సంతకం

"ఆ మిక్సీ మోత ఆపవోయ్ కామేశ్వరీ! ఇక్కడ మాట్లాడుకుంటున్నాం!" హాల్లోంచి హరనాథ్ కేకేశాడు.

ఆపింది. మోత వద్దు, గారెలు మాత్రం వేడివేడిగా కావాలి మహానుభావులకి!

సౌదీ నగరం అల్ ఖోబర్‌లోని ఆ ఫ్లాట్‌లో శుక్రవారమంటే, నలుగురు తెలుగు ఇంజనీర్లు కిటికీ తెరలు మూసుకుని విప్లవాలు చెప్పుకునే రోజు. ఈసారి వంతు ఇంటాయన హరనాథ్‌ది. ఇంగ్లండు తొలి సోషలిస్టులు తమ సంఘానికి కొత్త పేరు పెట్టుకున్న ఏడాదే ఎలా చీలిపోయారో గడగడా చెప్పేస్తున్నాడు. చెప్పడూ మరి! హిస్టరీలో ఎమ్మే చేసిన పెళ్లాం వారమంతా అన్నం వడ్డిస్తూ నూరిపోసిన పాఠమే అదంతా. ఆమె పేరు ఒక్కసారీ ఎత్తలేదు. పోనీలే అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు అలవాటే.

"లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడపిల్లల కష్టాలు పత్రికలో పడ్డాయి. యాజమాన్యం ఏం చేసిందో తెలుసా? 'మాకిక్కడ హాయిగానే ఉంది' అని కాగితం రాసి, సంతకాలు పెట్టమంది. పెట్టలేదు వాళ్లు! పని మానేసి బయటికొచ్చేశారు!" హరనాథ్ గొంతు వణికింది. వంటింట్లో ఆమెకీ కళ్లు చెమర్చాయి.

గారెలు తెచ్చేసరికి ఆ నలుగురిలో ఒకడైన హేమసుందర్ పలకరించాడు. "చెల్లెమ్మా, పక్కనే దమ్మాంలో ఇండియన్ స్కూలొకటి హిస్టరీ టీచర్ కోసం వెతుకుతోందట. మా ఆవిడ ఉజ్వల నీకు చెప్పమంది. పర్మిట్ స్కూలువాళ్లే తెప్పిస్తారట, మీ ఆయన ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెడితే చాలట."

తన ఇకామాలో, అంటే నివాస కార్డులో, 'పనికి అనుమతి లేదు' అని రాయించుకుని ఈ దేశంలో దిగినప్పటి నుంచీ ఆమె ఇలాంటి కబురు కోసమే ఎదురుచూస్తోంది.

హరనాథ్ పకపకా నవ్వాడు. "దానికెందుకు బాబూ ఆ తిప్పలు! ఏసీలో మహారాణిలా ఉంది. ఏం కామేశ్వరీ, ఇక్కడ నీకు హాయిగానే ఉందని నువ్వే చెప్పు వీళ్లకి."

కామేశ్వరి కొయ్యబారిపోయింది. అయ్యో రామ! ఇందాక ఈ నోటితోనే కదా ఆ అమ్మాయిల కాగితం సంగతి చెప్పింది! వెటకారమేమోనని ఆయన మొహంలోకి చూసింది. కాదు, తానేం అడుగుతున్నాడో మనిషికి నిజంగానే తెలియదు. పాతవన్నీ గుర్తొచ్చాయి. "మా కోడలికేం లోటు, అడగండి కావాలంటే" అని అత్తగారు చుట్టాల ముందు నిలబెట్టిన ప్రతిసారీ తాను నవ్వుతూ తలూపింది. సెలవుకి వెళ్లినప్పుడు పుట్టింట్లోనూ ఊపింది. అవన్నీ తాను పెట్టిన సంతకాలే! పాఠం చెప్పిన పంతులమ్మకి ఇన్నాళ్లూ ఆ పాఠం బోధపడలేదు.

అందరూ ఆమెవైపే చూస్తున్నారు. "చెప్పవోయ్," అన్నాడు హరనాథ్.

గారెల పళ్లెం బల్లమీద పెట్టింది.

"నేను పెట్టనండీ ఆ సంతకం. స్కూలు కాగితం మీద మీరు పెట్టండి."