ఇంటర్ చదివిన పిల్ల

ఈలమ్మ మా ఇంటికి వస్తానన్న ఆదివారం పొద్దున, నా మనవరాలు కుర్చీ ఎక్కి గోడ మీది పటం దించేసింది. నల్లగౌను, నెత్తిన పలకలాంటి టోపీ, చేతిలో చుట్టిన కాగితం, పళ్ళన్నీ కనిపించే నవ్వు. పటంలోని పిల్లా పటం పట్టుకున్న పిల్లా ఒక్కరే అంటే తెలియనివాళ్ళు నమ్మరు.

"ఎక్కడ పెట్టను అమ్మమ్మా?"

"బియ్యం డబ్బా వెనకాల. గోడవైపు తిప్పి పెట్టు."

"గోడవైపెందుకు? నేనేమైనా అల్లరి చేసిన బడిపిల్లనా?"

"అద్దానికి డబ్బా తగులుతుందని." నిజానికి ఆ నవ్వుమొహం వచ్చే మనిషికి కనబడుతుందేమోనని నా భయం. డబ్బా వెనకాల పెట్టింది ఎలా కనబడుతుందని అడగకండి. నా భయాలకి అలాంటి లెక్కలుండవు.

దాన్ని నేను గువ్వ అంటాను. దాని తల్లి, అంటే నా కూతురు, జ్వరమొచ్చి తన కాళ్ళతో తనే ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. "సాయంత్రానికి వచ్చేస్తానమ్మా" అని కూడా అంది. అప్పటినుంచి ఎవరు గడప దాటినా నా ప్రాణం గడప మీదే కూర్చుంటుంది. తండ్రి ఇంకో కాపురం పెట్టుకుని వెళ్ళిపోయాడు. మేమిద్దరం మిగిలాం. దాని ఒకటో తరగతి పుస్తకంలోనే నేనూ అక్షరాలు దిద్దుకున్నాను. అది పై తరగతులకి పోతుంటే వెనకాల మెల్లగా నడిచి, ఒకచోట ఆగిపోయాను. అది మాత్రం డిగ్రీ దాకా వెళ్ళింది. పైకి చదివే అలవాటు దానిది. ఆ రసాయనశాస్త్రం పాఠాలు నాకు ముక్క అర్థం కాకపోయినా వాన చప్పుడులా చెవుల్లో ఉండిపోయాయి.

ఫస్ట్ క్లాసులో పాసైంది. పాసయ్యాక తెలిసింది, ఆ కాగితం తలుపులు తెరవడానికే కాదు, మూయడానికీ పనికొస్తుందని. బట్టల దుకాణం ఆయన, "ఇంత చదువుకుని మడతలు పెడతావా తల్లీ? రెండు నెలల్లో ఎగిరిపోతావు" అని పంపేశాడు. మందుబిళ్ళల కంపెనీలో మేడ మీద అద్దాల గదిలో పరీక్షలు చేసే ల్యాబ్ ఉంది. అక్కడ అనుభవం ఏదన్నారు.

"ఎవరో ఒకరు ఉద్యోగమిస్తేనే కదండీ అనుభవం వచ్చేది" అందిట ఇది.

"నిజమే" అని ఒప్పుకుని మరీ కాగితాలు తిరిగిచ్చేశారు.

గేటు దగ్గర వాచ్‌మన్ దీని మొహం చూసి జాలిపడ్డాడు. "కింద ప్యాకింగ్‌లో మనుషుల్ని తీసుకుంటున్నారమ్మా. డిగ్రీ అని మాత్రం నోరు జారకు. ఇంటర్‌తో ఆపేశానని చెప్పు. డిగ్రీవాళ్ళు నిలవరని వీళ్ళ నమ్మకం."

"నీకెలా తెలుసు బాబాయ్?"

"నేను ఎమ్మే" అన్నాడట, గేటు తీస్తూ.

అలా అది ఇంటర్ చదివిన పిల్ల అయింది. పెద్ద హాలు, నడిచే బెల్టు, దాని మీద బారులుగా వచ్చే బిళ్ళల అట్టలు. ఏ అట్టలోనైనా ఒక గుంట ఖాళీగా ఉంటే తీసి పక్కన పడేయాలి. మిగతావి పెట్టెలో సర్ది, మడిచిన కాగితం ఒకటి పెట్టి మూత వెయ్యాలి. యంత్రాల హోరులో మాట వినబడదు కాబట్టి సూపర్‌వైజరమ్మ మెడలో ఈల వేసుకుని తిరుగుతుంది. అందుకే ఆవిడ ఈలమ్మ. బెల్టు ముందు నిలబడి తలెత్తితే మేడ మీది అద్దాల గదిలో తెల్లకోట్లు కనబడతాయట. తల ఎత్తితే ఈల వినబడుతుందట.

గువ్వ వేళ్ళు చేదు వాసన వేస్తాయి. అన్నం కలిపేముందు ఎంత కడిగినా పోదు. రెండేళ్ళు దాటాక, ఒక సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయింది.

"ల్యాబ్‌లో ఒక ఖాళీ వచ్చింది అమ్మమ్మా. ఈసారి లోపలివాళ్ళనే తీసుకుంటారట. ప్యాకింగ్‌లో అనుభవం ఉండాలి, సైన్సు డిగ్రీ ఉండాలి."

"మరింకేం! రెండూ ఉన్నాయి కదే నీకు!"

"ఉన్నాయి. కానీ ఒకే మనిషికి లేవు."

ఒక నిమిషం పట్టింది నాకు. డిగ్రీ ఉన్న పిల్లకి అనుభవం లేదు. అనుభవం ఉన్న పిల్లకి డిగ్రీ లేదు. ఆ ఇద్దరూ పడుకునేది మాత్రం నా పక్కన, ఒక్క మంచం మీదే.

ఆ వారమే ఈలమ్మ, "మీ పెద్దవాళ్ళతో మాట్లాడాలి, ఆదివారం వస్తున్నా" అంది. ఎందుకో చెప్పలేదట. అన్నీ బయటపడ్డాయేమోనని నాకు రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు.

వచ్చింది. భారీ మనిషి, పెద్ద గొంతు. మా చిన్న గదిలో కూర్చుని కూడా బెల్టు అవతలివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"కొంచెం మెల్లగా అక్కా, ఇక్కడ యంత్రాల్లేవు" అంది గువ్వ.

"అలవాటే. మా ఇంట్లో ఆయన చెవుల్లో దూది పెట్టుకుని భోంచేస్తాడు." తనే ముందు నవ్వింది. తర్వాత గోడవైపు చూసింది. "అదేంటి పెద్దమ్మా, అక్కడ అంత తెల్లగా ఉంది?"

గోడంతా పొగచూరి ఉంది. పటం ఉన్నంత మేర మాత్రం కొత్త సున్నంలా మెరుస్తోంది. పటం దాచాం గానీ దాని జాగా దాచడం తోచలేదు ఇద్దరికీ.

"క్యాలెండర్... చిరిగిపోయింది తల్లీ" అన్నాను.

ఆవిడ టీ గ్లాసు అందుకుంది. "పెద్దమ్మా, ఉన్నమాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఈ పిల్ల చెయ్యి బంగారం. బుర్ర అంతకన్నా బంగారం. ఇలాంటిదాన్ని ఇంటర్‌తో ఎలా ఆపేశావు? తల్లి లేని పిల్ల కదా, కాస్త చదివించి ఉండాల్సింది."

గువ్వ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను తలదించుకుని, "మా పరిస్థితులమ్మా" అన్నాను. అంతకన్నా ఏమనను?

మనిషి మంచిది. చెప్పేస్తే ఏమవుతుంది అనిపించింది. నాలుక చివరిదాకా వచ్చినదాన్ని కాస్త వంకర తిప్పి అడిగాను. "అమ్మా, మాటవరసకి అడుగుతున్నా. ఎవరైనా డిగ్రీ ఉండి కూడా లేదని చెప్పి చేరితే, ఇప్పుడు ఉందంటే, ఏం చేస్తారు?"

"ఏం చేస్తారా! పోయినేడు ఒకత్తి అలాగే చేసింది. ఉద్యోగం పెంచుతారని సంబరంగా సర్టిఫికెట్ పట్టుకొచ్చి ఆఫీసులో పెట్టింది. అబద్ధం చెప్పి చేరావని మధ్యాహ్నానికల్లా బయటికి పంపేశారు. దాని తరపున పూచీ సంతకం పెట్టినావిడనీ పంపేశారు, పాపం, పెన్షన్ ముందర." ఊదుకుని ఒక గుక్క తాగింది. "ఈ పిల్లకి పూచీ సంతకం నాదే. దీని విషయంలో నాకు బెంగ లేదు. అందుకే హాయిగా నిద్రపోతున్నా."

గువ్వ కిటికీ వైపునుంచి తిరగలేదు.

ఈలమ్మ సంచిలోంచి కాగితాలు తీసింది. "దూరవిద్యలో డిగ్రీ కట్టించు పెద్దమ్మా. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. సైన్సే కట్టాలి, ల్యాబ్‌కి అదే కావాలి. ఈసారి ఖాళీ ఎవరికో పోతుంది, పోనీ. మళ్ళీ రాకపోదు. పరీక్షలప్పుడు సెలవు నేను చూసుకుంటా."

"మళ్ళీ వచ్చేసరికి డిగ్రీ చాలంటారా అక్కా?" అంది గువ్వ.

"ఎవరికి తెలుసే! ఇప్పుడు డిగ్రీ అంటున్నారు. అప్పటికి ఇంకేమంటారో. అసలు ఆ పని మనుషులతో చేయిస్తారో లేదో. అయినా చదువు దండగవదు కదా?"

నేను ఖాళీ గ్లాసు అందుకున్నాను. ఆవిడ గువ్వ తల నిమిరి, "వస్తాను పెద్దమ్మా" అని వెళ్ళిపోయింది. వీధి మలుపు దాకా ఆవిడ చెప్పుల చప్పుడు వినబడింది.

నేను ఆ కాగితాలు పక్కన పెట్టి, నా జన్మలో అనలేననుకున్న మాట అన్నాను. "వేరే ఊరు వెళ్ళిపో గువ్వా. అక్కడ డిగ్రీ అనే చెప్పు. నా సంగతి నేను చూసుకుంటాను."

"అక్కడ అనుభవం అడుగుతారు అమ్మమ్మా."

"ఈ అనుభవమే చూపించు."

"వాళ్ళు ఇక్కడికి ఫోన్ చేస్తారు. ఇక్కడివాళ్ళు చెప్తారు, ఆ ఇంటర్ చదివిన పిల్లా అని. అప్పుడు ఈలమ్మక్క సంగతేంటి?"

నాకు లోపలెక్కడో ఊరట కలిగింది, అది వెళ్ళదని. ఆ ఊరటకి నేనే భయపడ్డాను. పిల్ల కాళ్ళకి సంకెళ్ళు పడుతుంటే, వెళ్ళే చప్పుడు వినక్కర్లేదని సంతోషించే ముసలిదాన్ని ఏమనాలి?

పటం మళ్ళీ గోడెక్కలేదు. ఈలమ్మ ఏ ఆదివారమైనా రావచ్చు, వస్తోంది కూడా, చదువు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి. ఆ తెల్లటి జాగాలో నిజంగానే ఒక క్యాలెండర్ తగిలించాం. పటం కన్నా చిన్నది. చుట్టూ అంచులు కనబడుతూనే ఉంటాయి.

దూరవిద్య పుస్తకాలు వచ్చాయి. అట్టలు మారాయి, లోపల పాఠాలు అవే. పని నుంచి రాగానే మొహం కడుక్కుని, గువ్వ మంచం మీద కూర్చుని పైకి చదువుతుంది. అప్పట్లో ఒక పొడుగాటి మాట దగ్గర ఎప్పుడూ తడబడేది. "ఉండమ్మమ్మా, నవ్వకు" అని మళ్ళీ మొదలుపెట్టేది. నిన్న ఆ మాట వస్తోందని నాకు ముందే తెలిసి చెవి రిక్కించాను. తడబడలేదు. ఊపిరి కూడా తీసుకోకుండా దాటేసింది.

తర్వాత పెన్ను తీసుకుని జవాబు రాసింది. చకచకా పేజీ నింపి, మధ్యలో ఆగి, ఒక వరుస కొట్టేసి ఇంకేదో రాసింది.

"తప్పొచ్చిందా?" అన్నాను.

"లేదు. ఒప్పే వచ్చింది. అందుకే కొట్టేశాను." తల ఎత్తలేదు. "ఈసారి ఫస్ట్ క్లాస్ రాకూడదు అమ్మమ్మా. ఇంటర్‌తో ఆపేసిన పిల్లకి అన్ని మార్కులొస్తే అనుమానపడతారు."

మళ్ళీ పేజీ మొదటికి వెళ్ళింది. ఎక్కడెక్కడ తప్పు రాయాలో వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, బట్టీ పట్టడం మొదలుపెట్టింది.